మూడో కారు

లైట్లు ఆర్పేసి ఉన్నాయి.

తలుపులు లేవు. పైన కప్పూ లేదు.

గడ్డకట్టిన నది మీద పాత ఫోర్డు కారు చీకట్లో దూసుకుపోతోంది!

టైర్లకు చుట్టిన గొలుసులు మంచును కరకరా కొరుకుతున్నాయి. చలిగాలి కళ్ళల్లో సూదులు గుచ్చుతోంది. స్టీరింగ్ పట్టుకున్న వాండా వేళ్ళు ఎప్పుడో కొయ్యబారిపోయాయి.

వెనక... దూరంగా... రెండు లైట్లు.

ఒకటే కారు. కానీ పెద్దది. దగ్గరవుతోంది.

ధన్!

కుడిపక్క మంచు పెళ్ళ ఎగిరి ఆమె చెంపకు కొట్టుకుంది.

"తల వంచుకోండి" అంది వాండా.

చెప్పనక్కర్లేదు. వెనక సీట్లో మనిషి అప్పటికే కిందికి జారిపోయాడు. ఒంటె ఉన్ని కోటు, పట్టు మఫ్లరు, సెంటు వాసన... అన్నీ కలిసి కాళ్ళు పెట్టుకునే చోట మూటలా ముడుచుకున్నాయి.

ర్యాఫర్టీ!

డెట్రాయిట్ నదికి రాజునని చెప్పుకునే ర్యాఫర్టీ. ఆ రాజు ఇప్పుడు సీటు కింద దూరి మేరీ మాతను తలుచుకుంటున్నాడు. అదీ సరిగా రావడం లేదు. సగం ప్రార్థన దాటగానే మళ్ళీ మొదటికొస్తున్నాడు.

అమెరికా దేశమంతటా మందు బంద్ అయి పదేళ్ళు. ఇటు డెట్రాయిట్‌లో సీసాతో దొరికితే జైలు. అటు కెనడాలో అదే సీసా గోదాముల్లో దర్జాగా ఉంటుంది. నడుమ నది. వేసవిలో పడవలు. నది గడ్డకడితే కార్లు.

ఆ కార్లు నడిపేది పోలండ్ నుంచి వలస వచ్చిన కూలిజనం. మంచు విరిగితే దూకేయడానికని తలుపులు పీకేసి మరీ నడుపుతారు. దూకగలిగినవాడు దూకుతాడు. దూకలేనివాడి ఇంటికి ర్యాఫర్టీ పెద్ద పూలదండ పంపిస్తాడు.

వాండా ఇంటికీ పంపాడు. పోయిన చలికాలం. మొగుడు యూజెక్ కారుతో సహా నీళ్ళలోకి వెళ్ళిపోయినప్పుడు.

పంపినవాడు మాత్రం ఇన్నేళ్ళలో ఈ మంచు మీద ఒక్క అడుగు వేయలేదు. ఒడ్డున హోటల్లో, మెత్తటి కుర్చీలో, కిటికీలోంచి చూసేవాడు.

ఇవాళ వేయక తప్పలేదు.

పొద్దున వాడి మనుషులు మంగలి షాపులో మిమ్మో అనేవాణ్ణి కాల్చేశారు. మొహం మీద సబ్బు నురగ అలాగే ఉందట. మిమ్మో ఎవడో కాదు... సిసిలీ ముఠా నాయకుడు గస్పారెకి సొంత తమ్ముడు. నది నాదంటే నాదని గస్పారెకీ ర్యాఫర్టీకీ ఎన్నాళ్ళుగానో కొట్లాట.

తమ్ముణ్ణి చంపితే అన్న బెదిరిపోతాడనుకున్నాడు ర్యాఫర్టీ.

మధ్యాహ్నానికి తన కొంపే మునిగింది. తుపాకులు పట్టుకుని వెనక నడిచినవాళ్ళలో సగం మంది ఊరొదిలి పారిపోయారు. మిగతా సగం గస్పారె దగ్గరికెళ్ళి టోపీలు తీసి నిలబడ్డారు. వంతెన మీద గస్పారె మనుషులు. స్టేషన్లో గస్పారె మనుషులు. ఇక మిగిలింది నది ఒక్కటే.

పొద్దు గుంకుతుండగా వాండా ఇంటి వెనక తలుపు తోసుకుని వచ్చాడు. కూతురు హల్కా బల్ల దగ్గర క్యాబేజీ సూప్ తాగుతోంది. పిస్తోలు తీసి ఆ గిన్నె పక్కన పెట్టాడు.

కెనడా ఒడ్డుకి దింపాలన్నాడు. ఇప్పుడే అన్నాడు.

బతిమాలలేదు. బెదిరించనూ లేదు. బూట్లు తుడవమన్నంత మామూలుగా చెప్పాడు.

వాండా పిల్లను పక్కింటి ముసలామె చేతిలో పెట్టి, కారు తీసింది. యూజెక్ పోయాక ఇంట్లో పొయ్యి వెలగడం కోసం ఏడాదిగా ఈ మనిషి సరుకే మోస్తోంది. ఆమె పేరు కూడా వీడికి తెలియదు. 'ఆ విధవ కారు' అంటాడు. అంతే.

ధన్! ధన్!

స్టీరింగ్ ఒక్కసారిగా ఎడమకు తిప్పేసింది వాండా.

ఫోర్డు గిర్రున తిరిగింది! జారింది... జారింది... మళ్ళీ గొలుసులు పట్టు దొరకబుచ్చుకున్నాయి. ర్యాఫర్టీ తల ముందు సీటుకు ఠంగుమని తగిలింది.

"చూసి తోలవే" అని గొణిగాడు.

అంతలో కింద ఏదో మూలిగింది.

పొడుగ్గా... లోతుగా... పెద్ద జంతువేదో నిద్రలో ఒత్తిగిల్లినట్టు.

ర్యాఫర్టీ తల పైకెత్తాడు. "ఏంటది?"

"నది."

"విరుగుతుందా?"

"విరిగితే మీకే ముందు తెలుస్తుంది. కింద కూర్చున్నారుగా."

వాడు గబుక్కున సీటు మీదికి ఎక్కాడు. తూటా గుర్తొచ్చి మళ్ళీ కిందికి జారాడు. మళ్ళీ నది గుర్తొచ్చి సగం పైకి లేచాడు. పైన చావు, కింద చావు. రాజుగారికి ఎటు దాక్కోవాలో అర్థం కావడం లేదు.

లైట్లు ఇంకా దగ్గరకొచ్చాయి. తెల్లటి మంచు మీద ఫోర్డు గొలుసుల గుర్తులు పట్టుకుని వస్తున్నారు. చీకటి ఎంతుంటే ఏం లాభం.

ఉన్నట్టుండి ర్యాఫర్టీ ఆమె భుజం పట్టుకున్నాడు. ఇక్కడ మంచు పలచగా ఉండే చోటు ఎక్కడని అడిగాడు.

"ఎందుకు?"

"అటు పోనీ. లైట్లు వెయ్యి. వాళ్ళు మన వెనకే వస్తారు. అంచుదాకా పోయి మనం దూకేద్దాం. కారు మునుగుతుంది. దాని వెనకే వాళ్ళూ."

"మనం దూకలేకపోతే?"

"దూకొచ్చు. పోయినేడు ఇలాగే చేయించాను. గస్పారె కార్లు రెండు ఒక్క దెబ్బకి పోయాయి."

తన తెలివి తనకు గుర్తొచ్చేసరికి గొంతులో ప్రాణం వచ్చింది. పిరికివాడు గొప్పలు మొదలుపెడితే ఆగడు. వీడూ ఆగలేదు. పగలంతా రంపాలతో మంచు కోయించాడట. చీకటి పడేసరికి నీళ్ళ మీద పలచటి పొర కట్టిందట. పైన చీపుళ్ళతో మంచు చిమ్మించాడట. సరుకు కార్లను దోచుకోవడానికి గస్పారె మనుషులు రోజూ కాపు కాసేవారు. ఆ రోజు వాళ్ళు నేరుగా వచ్చి గోతిలో పడ్డారట.

చెప్పి, నవ్వాడు కూడా!

వాండా నవ్వలేదు. కళ్ళు ముందున్న చీకటి మీదే ఉన్నాయి. కారు పరిగెడుతూనే ఉంది.

"వాళ్ళు సరిగ్గా అక్కడికే ఎలా వచ్చారు?"

"ముందు ఒక కారు ఉండాలిగా. వెంటపడటానికి."

"అంటే మూడు కార్లు."

"ఆఁ... మూడు."

"ఆ మూడో కారు నడిపినతనికి చెప్పారా? ముందు గొయ్యి ఉందని?"

"చెప్తే నడుపుతాడా?"

గాలి చెవుల్లో హోరుమంటోంది.

"ఎవరతను?"

"ఎవడో పోలండ్ కూలివాడు. పోలాక్ గాడు. పేరు గుర్తులేదు."

కారు ఆగిపోయింది.

చెడిపోయి కాదు... వాండా ఆపింది. ఇంజను కట్టేసింది. తాళం పెరికి చేతిలోకి తీసుకుంది.

ఒక్కసారిగా నిశ్శబ్దం!

యూజెక్ తాగి నడిపాడని చెప్పారు ఆమెకు. మోస్తున్న సరుకులోంచే ఒక సీసా తీసి తాగాడనీ, దారి తప్పి పలచటి మంచు మీదికి వెళ్ళాడనీ చెప్పారు. నమ్మింది. ఖాళీ శవపేటికను పూడ్చిన రోజున ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. తాగుబోతు చావు చచ్చాడని అందరి ముందూ అంది. కోపంతో అతని ఫొటోను గోడవైపు తిప్పి పెట్టింది. ఏడాది నుంచి అది అలాగే ఉంది.

వాండా దిగింది. కారు పక్కనే మంచులో పొడుగ్గా ఒక బీట. బీటలో నల్లటి నీళ్ళు. తాళం పట్టుకున్న చెయ్యి దాని మీదుగా చాపింది.

"ఏం చేస్తున్నావ్? ఎక్కు" అన్నాడు ర్యాఫర్టీ. పిస్తోలు ఆమె తలకు గురిపెట్టాడు.

"అతని పేరు యూజెక్" అంది వాండా. "నా మొగుడు."

ర్యాఫర్టీకి చివరికి దొరికిన మాట ఇదీ...

"పూలదండ పంపాను కదా."

ఏడాదిగా ఈ మనిషిని 'మీరు' అని పిలిచింది వాండా. ఆ మాట ఇప్పుడు నాలుక మీదికి రానంటోంది.

"కాల్చు" అంది. "నేను పడితే తాళం నీళ్ళలో పడుతుంది. నీకు నడపడం చేతకాదు. నడవడం అసలే చేతకాదు."

వాడు ఆమెను చూశాడు. బీటను చూశాడు. వెనక లైట్లను చూశాడు. కెనడా ఒడ్డున దీపాలు కనిపిస్తూనే ఉన్నాయి. దిగి పరిగెత్తితే చాలు. కానీ దిగాలంటే మంచు మీద కాలు పెట్టాలి...

పెట్టలేకపోయాడు!

అప్పుడు మొదలుపెట్టాడు బతిమాలడం. పెద్ద ఇల్లు కొనిస్తానన్నాడు. పిల్లను క్రైస్తవ సన్యాసినుల బడిలో చేర్పిస్తానన్నాడు. యూజెక్ పేరు మీద చర్చిలో రంగుటద్దాల కిటికీ పెట్టిస్తానన్నాడు. ఒక్క నిమిషం కిందట వాడికి ఆ పేరే తెలియదు.

వాండా వింటోంది. వీడి కోసమా ఊరంతా భయపడింది? వీడి కారు వస్తుంటేనా జనం టోపీలు తీసింది?

బర్రుమని పెద్ద కారు వచ్చి ఆగింది. లైట్ల వెలుతురు ఇద్దరి మీదా పడింది.

ఎవరూ అడక్కముందే ర్యాఫర్టీ పిస్తోలు కింద పడేసి చేతులెత్తాడు.

ముగ్గురు దిగారు. ఇద్దరి చేతుల్లో తుపాకులు. ఒకడు లావు, ఒకడు బక్క. వాళ్ళ మధ్య పొట్టిగా, దగ్గుతూ, చేతికి సంతాపపు నల్లగుడ్డ కట్టుకున్న మనిషి... గస్పారె.

గస్పారె తొందరపడలేదు. పిస్తోలు వంగి తీసుకున్నాడు. చేతిరుమాలుతో మంచు తుడిచాడు. ర్యాఫర్టీ నుదుటికి ఆనించాడు.

"మిమ్మోకి గడ్డం సగమే గీశారు" అన్నాడు. "మా అమ్మ పొద్దుటి నుంచి దాన్ని చూసే ఏడుస్తోంది."

అయిపోయింది అనుకుంది వాండా.

అయిపోలేదు!

ర్యాఫర్టీ గబగబా మాట్లాడటం మొదలుపెట్టాడు. తనను చంపితే కెనడా సరుకు ఒక్క సీసా కూడా రాదన్నాడు. అటు ఒడ్డున సరుకు బయటికి వదిలేది ఒక్కడే. వాడెవడో తనకు తప్ప ఎవరికీ తెలియదు. ప్రాణాలతో వదిలితే పేరు చెప్తాను. రేవులన్నీ నీకే. నది నీకే.

గస్పారె దగ్గడం ఆపాడు.

ఆలోచిస్తున్నాడు.

తమ్ముడి శవాన్ని ఇంకా పూడ్చనే లేదు. వీడు బేరం ఆలోచిస్తున్నాడు!

"సరే" అన్నాడు గస్పారె. "మిమ్మో ఆత్మ మీద ఒట్టు. నేను గానీ, నా వాళ్ళు గానీ నీ మీద చెయ్యి వెయ్యం. చెప్పు."

"పెలెతియే. అవతల ఒడ్డున పడవలు బాగుచేసే షెడ్డు ఉంది. అక్కడికెళ్ళి నా పేరు చెప్తే చాలు."

గస్పారె తల ఊపాడు. పెలెతియే... అని ఒకసారి నోట్లోనే అనుకున్నాడు. వెనక లావువాడూ, బక్కవాడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కోటు జేబులోంచి చిన్న సీసా తీశాడు గస్పారె. ముందు తను తాగాడు. తర్వాత ర్యాఫర్టీకిచ్చాడు. చెయ్యి పట్టి కారులోంచి దింపాడు. ఇద్దరూ కౌగలించుకున్నారు. ర్యాఫర్టీ కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. పొద్దున ఒకడు రెండోవాడి తమ్ముణ్ణి చంపాడు. చీకటి పడేసరికి ఒకే సీసా ఎంగిలి.

వాండా వెళ్ళి తన కారెక్కింది. ఆమెను ఎవరూ ఆపలేదు. ఎవరూ చూడను కూడా లేదు.

తాళం పెట్టింది. అప్పుడు వినిపించింది దగ్గు... పక్కనే.

గస్పారె ఫోర్డు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. గొంతు చాలా మెత్తగా ఉంది.

"ఇందాక నువ్వు వాడితో గొడవపడుతున్నావు, అమ్మా. దేనికి?"

ఆమె చెప్పింది. రెండు మాటల్లో. రంపాలు. మూడో కారు.

గస్పారె అయ్యో అన్నాడు. ఆ రోజు తన కార్లు రెండూ పోయాయన్నాడు. అందులో మనుషులెవరని అడిగింది వాండా.

"ఎవరో టొలెడో నుంచి తెచ్చిన కుర్రాళ్ళు. పేర్లు గుర్తులేవు."

అని, ర్యాఫర్టీ పిస్తోలును ఆమె పక్కసీటు మీద మెల్లగా పెట్టాడు.

"నేను ఒట్టేశాను. నా వాళ్ళూ కట్టుబడాలి" అన్నాడు. "నువ్వేమీ ఒట్టు వెయ్యలేదు కదమ్మా."

వెనక్కి తిరిగాడు. అటు చూస్తూ సిగరెట్ వెలిగించుకుంటున్నాడు. వాడి మనుషులు కూడా తుపాకులు దించి అటు తిరిగారు.

ర్యాఫర్టీకి అర్థమైంది. కోటు బరువుకి కూలబడ్డట్టు మోకాళ్ళ మీద పడ్డాడు. నది మీద, మంచు మీద. ఇప్పుడు ఆ భయం గుర్తు కూడా లేదు.

"వేరా..." అన్నాడు. "నీ పేరు వేరానే కదూ?"

వాండా పిస్తోలు అందుకుంది.

బరువుగా ఉంది. వేలు ట్రిగ్గర్ మీదికి దానంతట అదే వెళ్ళింది. ముందు కారు... వెనక గస్పారె కార్లు... తప్పించుకోవాలని వేగం పెంచే యూజెక్... ఆఖరి క్షణంలో ఏమనుకున్నాడో! మొగుడు తాగుబోతని నమ్మించినవాడు ఇదిగో, ఎదురుగా, మోకాళ్ళ మీద.

నొక్కితే చాలు.

గురి చూసింది...

గస్పారె వీపు కదులుతోంది. నవ్వుతున్నాడో, దగ్గుతున్నాడో.

నొక్కితే? ర్యాఫర్టీని చంపింది ఒక పోలాక్ విధవ. యావజ్జీవ జైలు ఆమెకి. హల్కా అనాథాశ్రమానికి. వీడు రేపు తమ్ముడి సమాధి దగ్గర శుభ్రమైన చేతులతో మట్టి వేస్తాడు. ఒట్టు ఒట్టులాగే ఉంటుంది. నది చేతికొస్తుంది. అంతా ఊరికే! ఆఖరికి ఈ హత్య కూడా కూలివాళ్ళతోనే చేయించుకుంటాడు.

ఇద్దరికీ తేడా ఏముంది? ఒకడికి పోలాక్ పేరు గుర్తులేదు. ఒకడికి టొలెడో కుర్రాళ్ళ పేర్లు గుర్తులేవు.

వాండా కాలితో స్టార్టర్ తొక్కింది. ఇంజను దగ్గి, అందుకుంది.

"నేను మీ ఇద్దరికీ కూలిదాన్ని కాను" అంది. "మీది మీరే తేల్చుకోండి."

పిస్తోలు విసిరేసింది!

అది మంచు మీద సర్రున జారింది. తిరుగుతూ... తిరుగుతూ... వెళ్ళి ర్యాఫర్టీ మోకాళ్ళకు తగిలి ఆగింది.

ఫోర్డు వెనక్కి మళ్ళి డెట్రాయిట్ వైపు ఉరికింది.

ర్యాఫర్టీ జీవితంలో మొదటిసారి చురుగ్గా కదిలాడు. ఆ చప్పుడుకి గస్పారె వెనక్కి తిరిగాడు. నోట్లో సిగరెట్ అలాగే ఉంది.

ధన్!

గస్పారె కాళ్ళు మడతపడ్డాయి. మంచు మీద కూర్చుండిపోయాడు. తర్వాత వాలిపోయాడు.

ధన్! ధన్! ధన్!

ఈసారి కాల్చింది లావువాడు, బక్కవాడు. ఒంటె ఉన్ని కోటు ఒకసారి ఎగిరిపడింది. అంతే.

వాండా ఆగలేదు. గొలుసులు మంచును కొరుకుతున్నాయి. డెట్రాయిట్ ఒడ్డున దీపాలు ఒక్కొక్కటిగా పెద్దవవుతున్నాయి.

వెనక వాళ్ళు ఇద్దరే మిగిలారు. వెంటపడతారా? ఎందుకు పడతారు? చెప్పేవాడు లేడు. ఆ తుపాకులకు చెప్పేవాడు లేకపోతే కాలు కదలదు.

అలా అనుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది... పెలెతియే.

పేరు ఒకటి. విన్నవాళ్ళు ఇద్దరు.

ధన్!

ఒకే ఒక్క తూటా. ఆ తర్వాత ఒక కారు తలుపు పడిన చప్పుడు. ఇంజను చప్పుడు.

వాండా కారు ఆపి వెనక్కి చూసింది. పెద్ద కారు లైట్లు మంచు మీద గుండ్రంగా తిరిగాయి. ఆమె వైపు కాదు. కెనడా వైపు. ముగ్గురు మనుషులు అక్కడే, అలాగే పడి ఉన్నారు.

లావువాడో, బక్కవాడో. నదికి కొత్త రాజు.

ఆ పేరు విన్నవాళ్ళలో ఒక ఆడది కూడా ఉందని రాజుగారికి తోచనే లేదు.

వాండా మంచు మీద ఉమ్మేసి, కారు ఇంటి వైపు పోనిచ్చింది.